కుడి చెవి ఎందుకు?

2003 వేసవిలో సంగతి. మేం అప్పుడు న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. గ్రీన్‌కార్డు దరఖాస్తుకి లాయరు ఇచ్చిన జాబితాలో ఫొటోలు తప్ప అన్నీ సమకూరాయి. ఒక శనివారం పొద్దున్న నేనూ, మా ఆవిడా ఇంటి దగ్గరి మందుల షాపుకి బయల్దేరాం. మమ్మల్ని చూసి పోదామని ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ కూడా వస్తానంది. మందులమ్మే చోట ఫొటోలు కూడా తీస్తారని చెబితే ఆవిడ నమ్మలేదు మరి.

ఆ రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళు అడిగే ఫొటో పాస్‌పోర్ట్ ఫొటోలా ఉండేది కాదు. కెమెరా వైపు నేరుగా చూడకూడదు. తల కొంచెం ఎడమకి తిప్పి, కుడి చెవి మొత్తం కనబడేలా కూర్చోవాలి. 2004కి ముందు ఈ దేశంలో గ్రీన్‌కార్డుకి అప్లై చేసినవాళ్ళు ఆ పాత కార్డు ఇంకా దాచుకుని ఉంటే తీసి చూసుకోండి. ముందు మీ చెవే పలకరిస్తుంది.

నా ఫొటో ఒక్కసారికే అయిపోయింది. చిక్కంతా మా ఆవిడ దగ్గరే వచ్చింది. మొదటిసారి జుట్టు చెవి మీద పడింది. రెండోసారి చెవి బుట్టలు అడ్డొచ్చాయి. మూడోసారి కౌంటరు కుర్రాడు ఓపిక నశించి, తన చెవి తనే పట్టుకుని చూపించాడు. "గుంజీలు తియ్యమంటున్నాడా ఏమిట్రా?" అంది అమ్మ. సంగతి చెప్పాక లేచి వచ్చి, తన ముడిలోంచి ఒక పిన్ను తీసి, కోడలి జుట్టు చెవి వెనక్కి దువ్వి పెట్టి, "ఊఁ, ఇప్పుడు తియ్యమను" అంది.

కారులో వస్తూంటే అడిగింది. "మనిషిని గుర్తుపట్టాలంటే మొహం చూస్తారు గానీ చెవి ఎందుకురా?"

"అది రూలమ్మా."

"రూలని నాకూ తెలిసింది. ఎందుకూ అని అడుగుతున్నా. కంప్యూటర్లు చదివావు కదా!"

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడిని, నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ముక్కలు ముక్కలుగా దొరకడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అంతా దొరికేసరికి వినడానికి అమ్మ లేదు. అందుకని మీకు చెబుతున్నాను.

*

పాస్‌పోర్ట్ పాతది, అందులో ఫొటో కొత్తది. 1914 చివరిదాకా అమెరికా పాస్‌పోర్ట్‌కి ఫొటో అక్కర్లేదు. మనిషిని మాటల్లో వర్ణించేవారు. వయసు, ఎత్తు, నుదురు, కళ్ళు, ముక్కు, నోరు, గడ్డం, జుట్టు, ఒంటి రంగు, ముఖం అని వరసగా గళ్ళు ఉండేవి. నుదురు విశాలం, ముక్కు సూటి, గడ్డం గుండ్రం అని పూరిస్తే పని అయిపోయేది. మన ప్రబంధాల్లో నాయికా వర్ణన లాంటిదన్నమాట, కాకపోతే ఉపమానాలు ఉండవు. ఆ వర్ణన చేతిలో పెట్టుకుని ఏ రైల్వే స్టేషన్లో నిలబడినా ఆ పోలికలవాళ్ళు పదిమంది దొరుకుతారు. దానివల్ల పెద్ద ఇబ్బంది కూడా ఉండేది కాదు. ఎందుకంటే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చాలా దేశాలకి అసలు పాస్‌పోర్టే లేకుండా వెళ్ళి రావచ్చు.

ఫొటో తీసే విద్య 1839లోనే లోకానికి తెలిసింది. మనిషిని గుర్తుపట్టడానికి వాడొచ్చని డెబ్భై అయిదేళ్ళ పాటు ఎవరికీ తట్టలేదా? తట్టింది. కాకపోతే ఆ ఫొటోలు ప్రయాణం చేసే దొరలవి కావు.

ఈ కథ మన తెలుగువాళ్ళకి మరీ దూరపుదేమీ కాదు. మా అమ్మ పుట్టిల్లు తాళ్ళరేవు పక్కన. అక్కడికి దగ్గర్లోనే కోరంగి. ఇప్పుడు అందరూ మడ అడవులు చూడ్డానికి వెళుతున్నారు గానీ, ఒకప్పుడు అది పేరున్న ఓడరేవు. 1839లో వచ్చిన పెద్ద తుఫాను దాన్ని చావుదెబ్బ కొట్టింది. అయినా 1843లో ఆ రేవు నుంచి 'కొరింగా పాకెట్' అనే ఓడ కూలీలను ఎక్కించుకుని మారిషస్ వెళ్ళింది. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళకి 'కొరంగీలు' అనే పేరు ఆ ఊరి వల్ల వచ్చిందే.

బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చి, 1834 నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయుల్ని ఒప్పంద కూలీలుగా మారిషస్ తీసుకువెళ్ళారు. పోర్ట్ లూయీలో దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. రిజిస్టరులో ఆ నంబరుకి ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది మచ్చలు. 1860లలో వీటికి ఫొటో తోడయింది. 1867లో వచ్చిన చట్టంతో, ఒప్పందం పూర్తి చేసుకుని బయటపడిన 'పాత వలసదారు' కూడా ఫొటో అంటించిన టికెట్టు దగ్గర పెట్టుకునే తిరగాలి. పోలీసు అడిగినప్పుడు కాగితాలు చూపించలేకపోతే దేశదిమ్మరి కింద పట్టుకుపోవచ్చు. అయిదేళ్ళు చాకిరీ చేసి, ఇక మన బతుకు మనది అనుకున్న మనిషికి ఆ ఫొటో మెడలో పలుపుతాడు అయింది.

దీని మీద 1871లో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకి అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ వెనక నిలబడినవాడు అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడు. తోటల యజమానులు ఆయన మీద కత్తి కట్టారు. చివరికి 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారించింది, 1875లో నివేదిక ఇచ్చింది. అర్జీలో చెప్పిన కష్టాలు చాలావరకు నిజమేనని తేలింది.

*

ఇక చెవి దగ్గరికి వద్దాం. 1880లలో పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్టిలాన్ అనే గుమాస్తా ఉండేవాడు. ఒకసారి పట్టుబడిన దొంగ మళ్ళీ పేరు మార్చుకుని వస్తే పోల్చుకోవడం ఎలా అన్నది అతని సమస్య. కొలతలతో దానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎత్తు, తల పొడవు, తల వెడల్పు, ఎడమ పాదం పొడవు, ఇలా పదకొండు కొలతలు. అందులో కుడి చెవి పొడవు ఒకటి. చెవి మీద అతనికి గట్టి నమ్మకం. నవ్వినా ఏడ్చినా మొహం మారుతుంది, చెవి మారదు. గడ్డం పెంచితే మొహం దాగుతుంది, చెవి దాగదు. ఇద్దరు మనుషుల చెవులు ఒకేలా ఉండవు అన్నాడు. నేరస్థుణ్ణి ముందునుంచి ఒకటి, కుడి పక్కనుంచి ఒకటి, ఒకే దూరంలో, ఒకే వెలుతురులో ఫొటో తీసే పద్ధతి అతను స్థిరపరిచిందే. తరవాత వేలిముద్రలు వచ్చి కొలతల పద్ధతిని వెనక్కి నెట్టేశాయి గానీ, ఆ ఫొటో పద్ధతి మాత్రం ప్రపంచమంతా పాకింది.

అంటే 2003లో మా ఆవిడ చెవి మీద జుట్టు తొలగించి తీసిన ఫొటో పెళ్ళి ఫొటోలకీ, స్టూడియో ఫొటోలకీ చుట్టం కాదు. అది పోలీసు ఫొటోకి దగ్గరి చుట్టం.

అమెరికాలోకి ఆ చుట్టం ఎవరి ఇంటి ద్వారా వచ్చిందో కూడా చూడాలి. 1882లో చైనా కూలీలు ఈ దేశంలోకి రాకుండా చట్టం చేశారు. 1892లో వచ్చిన గియరీ చట్టం, అప్పటికే ఇక్కడ ఉన్న చైనా కూలీలు ఏడాదిలోగా రిజిస్టరు చేయించుకుని నివాస పత్రం తీసుకోవాలంది. ఆ పత్రం లేకుండా పట్టుబడితే దేశం నుంచి పంపించేస్తారు. పత్రం తీసుకోకపోవడానికి తగిన కారణం ఉందని తప్పించుకోవాలంటే, అతను ఇక్కడే ఉంటున్నాడని కనీసం ఒక నమ్మదగిన తెల్లవాడు సాక్ష్యం చెప్పాలి. ఈ మాట చట్టంలోనే రాసి ఉంది. చైనా సంఘాలు ఎవరూ రిజిస్టరు చేయించుకోవద్దని పిలుపిచ్చి, సుప్రీం కోర్టు దాకా వెళ్ళాయి. 1893 మే నెలలో ఓడిపోయాయి. అదే ఏడాది నవంబరులో చట్టాన్ని సవరిస్తూ ఆ పత్రం మీద ఫొటో తప్పనిసరి చేశారు. 'వాళ్ళందరూ మాకు ఒకేలా కనబడతారు, మాటల్లో వర్ణిస్తే చాలదు' అన్నది దీని వెనక ఉన్న వాదన. ఒక జాతి మనుషులందరికీ ఫొటో గుర్తింపు పత్రం తప్పనిసరి చేయడం ఈ దేశంలో అలా మొదలైంది. మిగతావాళ్ళ పాస్‌పోర్ట్‌లో ముక్కు సూటి, గడ్డం గుండ్రం అని రాసుకుంటున్న రోజులవి.

*

మరి అందరికీ ఎప్పుడు వచ్చింది? యుద్ధంతో వచ్చింది. 1914లో కార్ల్ హాన్స్ లోడీ అనే జర్మన్ గూఢచారి చార్లెస్ ఇంగ్లిస్ అనే అమెరికన్ పాస్‌పోర్ట్‌తో బ్రిటన్‌లో తిరిగాడు. అసలు ఇంగ్లిస్ వేరే ఉన్నాడు, అతని పాస్‌పోర్ట్ జర్మన్ల చేతికి చిక్కింది. అందులో ఫొటో లేదు కాబట్టి లోడీకి అది అతికినట్టు సరిపోయింది. చివరికి పట్టుబడ్డప్పుడు అతని అసలు పేరు బయటపెట్టినది పాస్‌పోర్ట్ కాదు, కోటులో బెర్లిన్ దర్జీ కుట్టిన చీటీ. 1914 నవంబరు 6న లండన్ టవర్‌లో అతన్ని కాల్చి చంపారు. డిసెంబరు 21న అమెరికా విదేశాంగ శాఖ ఇకమీదట పాస్‌పోర్ట్‌లకి ఫొటోలు ఉండాలని ఆజ్ఞ జారీ చేసింది. బ్రిటన్ కూడా 1915లో ఫొటోతో కొత్త పాస్‌పోర్ట్ తెచ్చింది.

పరువుగల వాళ్ళు చాలామంది దీన్ని అవమానంగా భావించారు. ప్రభుత్వం ఫొటో తీసి దాచిపెట్టడం నేరస్థులకి, అనుమానం ఉన్నవాళ్ళకి జరిగే పని కదా! నన్ను నా మాట మీద నమ్మరా అన్నది వాళ్ళ బాధ. ఆ మాట మారిషస్ కూలీ 1871లోనే అన్నాడు, చైనా చాకలి 1893లోనే అన్నాడు. యుద్ధం వచ్చి అందరినీ ఒకే వరసలో నిలబెట్టేదాకా అది పెద్దమనుషుల చెవికెక్కలేదు.

మొదట్లో ఈ ఫొటోలకి రూల్సు పెద్దగా లేవు. టోపీలు పెట్టుకున్న ఫొటోలు, భార్యాభర్తలూ పిల్లలూ కలిసి కూర్చున్న ఫొటోలు కూడా పాత పాస్‌పోర్ట్‌లలో కనిపిస్తాయి. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి, 32 పేజీల పుస్తకం రూపంలో పాస్‌పోర్ట్‌కి ఒక నమూనా ఖాయం చేసింది. యుద్ధం కోసం వచ్చిన ఏర్పాటు యుద్ధం అయ్యాక పోతుందనుకున్నవాళ్ళకి నిరాశే మిగిలింది. మనం ఇవాళ చేతపట్టుకు తిరిగేది ఆ పుస్తకం వారసుణ్ణే.

*

1980లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ యంత్రం చదవగలిగే పాస్‌పోర్ట్‌కి ప్రమాణాలు ప్రచురించింది. 2003లో ఇంకో అడుగు వేసి, మనిషి గుర్తింపుకి ముఖాన్నే ప్రధాన ఆధారంగా ఎంచుకుంది. ఆ ముఖాన్ని చూసేది ఇక మనిషి కాదు, ప్రోగ్రాము. ప్రోగ్రాముకి ముఖం నేరుగా కావాలి. 2004 సెప్టెంబరు నుంచి అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు పక్కకి తిరిగిన ఫొటోలు మానేసి నేరుగా చూసే ఫొటోలే తీసుకోవడం మొదలుపెట్టారు. మా ఆవిడ చెవికి మూడుసార్లు ఫొటో తీయించిన ఏడాదికి ఆ చెవి అవసరమే తీరిపోయింది.

ఈ ప్రోగ్రాముల సంగతి నాకు కొంత తెలుసు. మాస్టర్స్ చేసే రోజుల్లో 'ఐగెన్ ఫేసెస్' అనే పద్ధతి మీద ఒక ప్రాజెక్టు చేశాను. 1991లో ఎం.ఐ.టి.లో టర్క్, పెంట్‌లాండ్ అనేవాళ్ళు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. 40 మంది మనుషులవి పదేసి చొప్పున 400 ఫొటోలు ఇచ్చారు. ముందు అన్నీ కలిపి ఒక సగటు ముఖం తయారు చేస్తాం. తరవాత ఒక్కొక్క ముఖం ఆ సగటు నుంచి ఏ దిక్కుకి ఎంత దూరంలో ఉందో లెక్క కడతాం. ఆ లెక్కే ఆ మనిషి. తల తిప్పితే లెక్క తప్పుతుంది. వెలుతురు ఒక పక్కనుంచి పడితే తప్పుతుంది. కళ్ళజోడు మెరిస్తే తప్పుతుంది. ఇవాళ్టి ప్రోగ్రాములు దీనికన్నా ఎంతో మెరుగే గానీ, నవ్వొద్దు, తల వంచొద్దు, నీడ పడొద్దు అనే రూల్సన్నిటికీ మూలం ఈ ఇబ్బందులే. నా ప్రాజెక్టుకి మంచి గ్రేడే వచ్చింది. సగటు ముఖం అంటే ఎవరెవరి సగటు అన్న అనుమానం మాత్రం అప్పుడు నాకు రాలేదు.

తరవాత చాలామందికి వచ్చింది. 2016లో న్యూజిలాండ్‌లో ఆసియా సంతతి యువకుడు పాస్‌పోర్ట్ కోసం ఫొటో పంపితే కంప్యూటరు 'కళ్ళు మూసుకున్నారు' అని తిప్పి పంపింది. అతని కళ్ళు శుభ్రంగా తెరిచే ఉన్నాయి. 2019 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ పరీక్షించి చూస్తే, చాలా ప్రోగ్రాములు ఒకరిని చూసి ఇంకొకరు అని పొరబడడం తూర్పు యూరప్ వాళ్ళ విషయంలో అన్నిటికన్నా తక్కువ, ఆఫ్రికా, తూర్పు ఆసియా వాళ్ళ విషయంలో చాలా ఎక్కువ అని తేలింది. మన దక్షిణాసియా వాళ్ళకీ కొంచెం ఎక్కువే. 'వాళ్ళందరూ మాకు ఒకేలా కనబడతారు' అన్న 1893 నాటి మాటని ఇప్పుడు యంత్రం అంటోంది. ఆ యంత్రానికి చదువు చెప్పింది నాలాంటివాళ్ళమే.

*

అమ్మకి తరవాత గ్రీన్‌కార్డు వచ్చింది. ఆవిడ ఇక్కడ ఒక చోట స్థిరంగా ఉండే మనిషి కాదు. కాకినాడలో మా అన్నయ్య దగ్గర కొన్నాళ్ళు, మా దగ్గర కొన్నాళ్ళు. 2018లో రీ-ఎంట్రీ పర్మిట్ కోసం ఫొటో కావలసి వచ్చింది. 2016 నవంబరు నుంచి పాస్‌పోర్ట్ ఫొటోల్లో కళ్ళజోడు పనికిరాదు. షాపులో తీసినవి రెండుసార్లు నీడ పడి బాగా రాలేదని, ఇంట్లో నేనే తీశాను. గోడకి తెల్ల దుప్పటి కట్టాను. నీడ దుప్పటి మీద పడకుండా అమ్మని రెండు మూడు అడుగులు ముందుకి కూర్చోబెట్టాను. కిటికీ వెలుతురు ఎదురుగా పడేలా చూసి, కెమెరా ఆవిడ కళ్ళ ఎత్తున పెట్టాను. రెండంగుళాల చదరంలో గడ్డం నుంచి నడినెత్తి దాకా ఒక అంగుళానికి తగ్గకూడదు, ఒకటీ మూడు బై ఎనిమిది అంగుళాలకి మించకూడదు.

"బొట్టు ఉంచుకోవచ్చా?" అంది.

"ఉంచుకోవచ్చు. కళ్ళజోడు తియ్యాలి. నవ్వకూడదు."

"కళ్ళజోడు తీస్తే నువ్వెక్కడున్నావో కనబడవు. ఇంక ఎవర్ని చూసి నవ్వను?"

ముప్ఫై ఏళ్ళుగా కళ్ళజోడు పెట్టుకున్న ముక్కు మీద రెండు పక్కలా నొక్కులు పడ్డాయి. ఫొటోలో అవి స్పష్టంగా కనిపించాయి. ఎవరో బడిపంతులు పేరు పిలిస్తే లేచి నిలబడ్డ పిల్లలా ఉంది. అన్ని కొలతలూ సరిపోయాయి. ఆ ఫొటోని ఎవరూ తిప్పి పంపలేదు. చెవి గురించి ఆవిడ ఆ రోజు అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పటికి బెర్టిలాన్ గురించి నేను చదవనే లేదు.

2021లో కాకినాడలో అమ్మ పోయింది. నేను వెళ్ళలేకపోయాను. పదకొండో రోజుకి పెద్దది చేయించడానికి ఫొటో కావాలని అన్నయ్య ఫోన్ చేశాడు. రాత్రంతా కంప్యూటర్లో వెతికాను. అమ్మ ఉన్న ఫొటోలు వందలున్నాయి. ఒకదాంట్లో మనవరాలి వెనక సగం దాగి ఉంది. ఒకదాంట్లో వడ్డిస్తూ వంగి ఉంది. ఒకదాంట్లో వద్దని చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్కతే, నేరుగా, మసక లేకుండా ఉన్నది ఒకటే. దుప్పటి ముందు నేను తీసినది. అదే పంపించాను.

మారిషస్‌లో మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆనాటి వలస రిజిస్టర్లూ, ఫొటోలూ ఇప్పుడు అక్కడ భద్రంగా ఉన్నాయి. ముత్తాతల పేరూ ఊరూ వెతుక్కుంటూ వాళ్ళ మనవలు, మునిమనవలు అక్కడికి వస్తారు. అనుమానంతో తీసిన ఫొటో ముందు నిలబడి, ఈ ముక్కు మా నాన్నది, ఈ కళ్ళు మా మేనత్తవి అని చూసుకుంటారు. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నేను అప్పటికే ఆ పని చేసి ఉన్నాను.

మర్నాడు అన్నయ్య ఫొటో పట్టిన ఫొటో పంపించాడు. దండ వేసి ఉంది. మా అమ్మాయి నా భుజం మీంచి చూసి, "నానమ్మకి కళ్ళజోడు ఉందే! నువ్వు తీసినప్పుడు లేదుగా?" అంది. అన్నయ్యని అడిగాను. కళ్ళజోడు లేకపోతే ఎవరిలాగో ఉందిరా, అందుకని వేరే ఫొటోలోంచి కళ్ళజోడు తెచ్చి అతికించమన్నాను అన్నాడు. స్టూడియో అతను ఒక పక్క కొంచెం వంకరగా అతికించాడు. ముక్కు మీది నొక్కులు దాని కింద దాగిపోయాయి.

ఆ ఫొటో ఇప్పుడు ఏ ఆఫీసులోనూ చెల్లదు. కళ్ళజోడు ఒక తప్పు, దిద్దడం ఇంకో తప్పు. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ మాత్రం చూడగానే "అత్తయ్యగారు" అంటారట, "పిన్ని" అంటారట. మా ఇంట్లో కూడా అదే పెట్టుకున్నాం.